నీటి నడక

సావనీరుకి సైన్సు వాళ్ళెవరూ రాయడం లేదని సంపాదక మిత్రులు నన్ను పట్టుకున్నారు. కథలూ, కవితలూ నాకు చేతకావు. నాకు కాస్తో కూస్తో తెలిసినవి రెండే: మా పొలం, ఫిజిక్సు. ఈ రెంటికీ చుట్టరికం ఉందని మొన్న సెలవుల దాకా నాకూ తెలియదు.

మా డిపార్టుమెంటు సెమినార్లో నాకు ఇచ్చిన విషయం "ప్రవాహాన్ని కంటికి చూపించడం". పారే నీరు కనబడుతుంది గాని దాని నడక కనబడదు. నడక కనబడాలంటే దానితోపాటు నడిచేదేదైనా కలపాలి. రంగో, పొగో, సన్నటి రేణువులో. ఈ ఒక్క పని మీదే 1977లో టోక్యోలో అంతర్జాతీయ సదస్సు జరిగిందని చదివి ఆశ్చర్యపోయాను.

1883లో మాంచెస్టర్‌లో ఆస్‌బర్న్ రేనాల్డ్స్ గాజుగొట్టంలో పారే నీటిలోకి సన్నటి రంగుధార వదిలాడు. వేగం తక్కువగా ఉన్నంతసేపూ ఆ రంగు గీత గీసినట్టు తిన్నగా సాగింది. వేగం ఒక హద్దు దాటగానే గీత వణికి, సుడులు తిరిగి, గొట్టమంతా కలిసిపోయింది. నేనూ సెమినార్లో ఇదే చూపించబోయాను. బకెట్టు నిండా నీళ్ళు పోసి, వెంటనే కుళాయి విప్పి సిరా వదిలాను. గీతా లేదు, పాడూ లేదు. నీళ్ళన్నీ నీలం! హాలంతా నవ్వు. మా లెక్చరర్ గారు మాత్రం నవ్వలేదు. "నీళ్ళు పోసి ఎంతసేపు ఆగావోయ్?" అని అడిగారు. రేనాల్డ్స్ నీటిని గంటల తరబడి కదలకుండా ఉంచేవాడట. దాదాపు నూరేళ్ళ తర్వాత అదే పరికరంతో మళ్ళీ చేస్తే, వీధిలో వాహనాల అదురుకి గీత ముందుగానే చెదిరిందట!

మిగిలిన సమయంలో ప్రాంటల్ గురించి చెప్పాను. జిగట బొత్తిగా లేదనుకుని లెక్క కడితే, నిలకడగా పారే నీరు దానిలో నిలబెట్టిన రాయిని తోయనే తోయదని వస్తుంది. 1752 నాటికే డాలంబేర్ తేల్చిన విడ్డూరం ఇది. మోకాలి లోతు కాలవలో దిగినవాడెవడూ దీన్ని నమ్మడు! 1904 ఆగస్టులో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో గణితశాస్త్రజ్ఞుల మహాసభ జరిగింది. అక్కడ 29 ఏళ్ళ లుడ్విగ్ ప్రాంటల్‌కి పది నిమిషాలిచ్చారు. చేత్తో చక్రం తిప్పి నీటిని పారించే తొట్టె ఒకటి ఆయన తయారు చేసుకున్నాడు. ఆ నీటిలో మెరిసే ఖనిజపు పలుకులు కలిపి తీసిన ఫోటోలు సభకు తెచ్చాడు. గోడకు అంటిన నీరు కదలదు. దాన్ని ఆనుకున్న పల్చటి పొరలోనే జిగట బలమంతా ఉంది. ఆ పొర గోడను వదిలి విడిపోయినచోట సుడులు పుడతాయి. అచ్చులో ఎనిమిది పేజీలైన ఆ వ్యాసమే తర్వాత విమానపు రెక్కల శాస్త్రానికి పునాది అయింది.

సెలవులకి ఇంటికెళ్ళాను. మాది శివారు భూమి. కాలవ నీళ్ళు అందరికీ అందాక మాకు మిగిలితే మిగిలినట్టు. బోదె గట్టున కూర్చున్నప్పుడు నాన్న అడిగాడు, "ఏందిరా నువ్వు చదివేది?" అని. ఎప్పుడడిగినా "నీకర్థం కాదులే నాన్నా" అనేవాణ్ణి. ఆ రోజూ అదే అన్నాను. నాన్న ఏమీ అనలేదు. లేచి, తూము దగ్గరికెళ్ళి, పిడికెడు ఊక నీళ్ళలో చల్లాడు. చిన్నప్పట్నించీ చూస్తున్న పనే. కాని ఆ రోజే మొదటిసారి చూశాను.

నడిమి ఊక జోరుగా పోతోంది. గట్టు పక్కది వెనకబడింది. తూము గోడ మలుపు దాటిన చోట ఊక వెనక్కి తిరిగి, అక్కడక్కడే గింగిరాలు కొడుతోంది. "ఇదిగో, ఇక్కడ నీరు ఎదురు తిరుగుద్ది. ఒండ్రు పడేదిక్కడే. ఏటా తియ్యలేక చస్తన్నాం" అన్నాడు.

నాకు సిగ్గేసింది. అక్కడే కూర్చుని ప్రాంటల్ తొట్టె సంగతి మొదట్నించీ చెప్పాను. నాన్న శ్రద్ధగా విని, "ఆయన ఫొటోలు తీశాడు, నేను తియ్యలేదు. అంతేగా తేడా?" అన్నాడు.

"అంతే కాదు నాన్నా. ఆ పొర మందమెంతో లెక్క కట్టాడు."

"అట్టాగైతే నువ్వూ కట్టు. ఈ గోడ ఎంత వాలుగా కడితే ఒండ్రు పడదో చెప్పు."

నోరు పెగల్లేదు. మూడేళ్ళ చదువులో వచ్చిన మార్కులేవీ ఆ ప్రశ్నకి పనికిరాలేదు. మర్నాడు గట్టు వెంబడి పది మీటర్లకొక పుల్ల పాతాం. నాన్న ఊక చల్లితే నేను గడియారం చూసి నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ అంకెలతో మా లెక్చరర్ గారి దగ్గరికెళ్తే, ఒండ్రు కలిసిన నీటి లెక్క చాలా కష్టమనీ, అయినా వదలొద్దనీ అన్నారు. వదల్లేదు. ఇంకా తేలనూ లేదు.

మిత్రులారా! మీ చదువేమిటని ఇంట్లోవాళ్ళు అడిగితే "నీకర్థం కాదులే" అనకండి. అర్థం కానిది ఎవరికో అప్పుడు తెలుస్తుంది. నాన్న మొన్న ఫోనులో కూడా అడిగాడు, "గోడ లెక్క ఎందాకా వచ్చిందిరా?" అని.