ఒక్క తప్పుకు ఎంత కోత?



ఈ నెలలో మీ అబ్బాయో అమ్మాయో ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని స్పేస్ బార్ టకటకా కొడుతుంటే కోప్పడకండి. ఎనిమిదో తరగతి పిల్లలు స్క్రాచ్‌లో ఒక రిథమ్ గేమ్ తయారుచేస్తున్నారు. తెర మీద పైనుంచి గుర్తులు జారుతుంటాయి. గుర్తు గీతను తాకిన క్షణంలోనే మీట నొక్కాలి. 1998లో జపాన్‌కు చెందిన కొనామి సంస్థ తెచ్చిన డ్యాన్స్ డ్యాన్స్ రెవల్యూషన్ ఇలాంటిదే, కాకపోతే అందులో కాళ్లతో అడుగులు వేయాలి. మన పిల్లలు కోలాటం దరువు పెట్టుకున్నారు. భద్రాచలంలో శ్రీరామనవమి చూస్తూ పెరిగినవాళ్లు మరి!

గేమ్ త్వరగానే తయారైంది. గొడవంతా స్కోరు దగ్గరే.

వాళ్లు మొదట పెట్టుకున్న నియమం ఇది: మొదటి దరువుకు 1, రెండోదానికి 2, అలా నూరోదానికి 100. మధ్యలో ఒక్కటి తప్పితే మళ్లీ ఒకటి నుంచి మొదలు. చాలా గేముల్లో ఇలా వరసగా కొట్టడాన్ని కాంబో అంటారు. వినడానికి బాగానే ఉంది. అన్నీ కొడితే 5,050 వస్తుంది. ఒక అమ్మాయి నూటికి 90 కొట్టింది, ప్రతి పదోది మాత్రం జారిపోయింది. ఆమెకు వచ్చింది 450. ఒక అబ్బాయి మొదటి 50 కొట్టి, ఆ తర్వాత ఒక్కటీ అందుకోలేకపోయాడు. అతనికి 1,275! "నాకు తాళం రాదు మేడమ్" అంటూ ఆ అమ్మాయి లేచి వెళ్లి వెనక కూర్చుంది. తొంభై కొట్టిన పిల్లండీ!

బోర్డు మీద లెక్క వేయించాను. నూటిలో చివరి దరువు ఒక్కటే తప్పితే 4,950 వస్తుంది. యాభయ్యోది ఒక్కటే తప్పితే 2,500. తప్పు ఒకటే, కోత మాత్రం ఎక్కడ తప్పామన్నదాన్ని బట్టి. జేఈఈ మెయిన్‌లో తప్పు జవాబుకు ఒక మార్కు కోస్తారని మీకు తెలుసు. అది మొదటి ప్రశ్నకైనా చివరి ప్రశ్నకైనా అదే ఒక్క మార్కు. మన ఈఏపీసెట్‌లో అయితే ఆ కోత కూడా లేదు. ఇంత ఖరీదైన తప్పు ఏ పరీక్షలోనూ ఉండదని పిల్లలే అన్నారు.

కొత్త నియమంలో మొత్తం 1,000. ఒక్కో సరైన దరువుకు 9 చొప్పున 900. మిగతా 100 తెగకుండా కొట్టిన అతి పెద్ద వరసకు, దరువుకు ఒకటి చొప్పున. ఇప్పుడు ఆ అమ్మాయికి 819, ఆ అబ్బాయికి 500. యాభయ్యోది తప్పినవాళ్లకు 941, చివరిది తప్పినవాళ్లకు 990.

ఇంకో చిక్కు మిగిలింది. దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చే ఒక కోయ అబ్బాయిది కొమ్ము నృత్యానికి డోలు కొట్టే కుటుంబం. తరగతిలో అతని చెయ్యంత నిలకడ ఇంకెవరికీ లేదు. అయినా గేమ్‌లో ప్రతి దరువూ 'ఆలస్యం' అనే వచ్చేది. చూస్తే, అతని కంప్యూటర్‌కు బ్లూటూత్ స్పీకర్ తగిలించి ఉంది. శబ్దమే ఆలస్యంగా వస్తుంటే చెవిని నమ్ముకున్నవాడు ఏం చేస్తాడు? తెర వంక చూసి ఆడేవాళ్లకు ఆ ఇబ్బంది లేదు. అందుకని ఇప్పుడు ఆట మొదలుకాక ముందు పది దరువులు ఊరికే కొట్టిస్తున్నాం. ఎంత ఆలస్యమవుతోందో సగటు తీసి, ఆ తేడాను ప్రతి దరువు నుంచీ తీసేస్తున్నాం. అన్ని దరువులూ ఒకేలా ఆలస్యమైతే అది చేతి తప్పు కాదు, యంత్రానిది. ఈ మాట కూడా అతనే అన్నాడు.

వరసకు ఇచ్చే ఆ 100 అసలు ఉండాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. ఉండకపోతే ఆటలో ఉత్కంఠ ఏముంటుందని సగంమంది. కోలాటంలో ఒక కర్ర తప్పితే తర్వాతి దరువుకు కలిసిపోతాం, ఆట ఆపి లెక్కపెట్టరు కదా అని మిగతా సగం. ఆ తొంభై కొట్టిన అమ్మాయి మాత్రం ఉండాల్సిందే అంటోంది. ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు కంప్యూటర్ ల్యాబ్‌లో మీరూ ఒకసారి ఆడి, ఎటువైపో చెప్పండి.