పాటలు ఇల్లు మారినప్పుడు

ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వోద్యోగి కుటుంబానికి ఇల్లు మారడం కొత్తేమీ కాదు. ఉద్యోగంలో ఒక మెట్టు ఎక్కితే పెద్ద క్వార్టరు వస్తుంది. పదవీ విరమణ కాగానే ఆ క్వార్టరును ఖాళీ చేయవలసి వస్తుంది. మారిన ప్రతిసారీ సామానులో ఏదో ఒకటి వెనుక ఉండిపోతుంది. అదేమిటో ఆనాడు తెలియదు. కొన్నేళ్లు గడిచి, దానితో పని పడి, వెతికినప్పుడు తెలుస్తుంది.

పాటలకూ ఇదే ధర్మం. గ్రామఫోను రికార్డులో ఉన్న పాట క్యాసెట్టులోకి వచ్చింది. క్యాసెట్టులో నుంచి కంపాక్టు డిస్కులోకి, అక్కడి నుంచి జేబులో ఇమిడే చిన్న యంత్రంలోకి కాపురం మార్చింది. కొత్త ఇల్లు ఎంత విశాలంగా ఉన్నదో చూసి మురిసిపోవడం మానవ సహజం. పాత ఇంటి అటక మీద ఏమి మరచిపోయామో చూసుకొనేవారు అరుదు.

ద్వారకలో నివసించే ఒక తెలుగు ఉద్యోగి అనుభవం ఇందుకు నిదర్శనం. ఆయన తండ్రి వరంగల్లు ప్రాంతం నుంచి ప్రభుత్వోద్యోగం మీద ఢిల్లీ వచ్చి రామకృష్ణపురంలో కాపురం పెట్టారు. వేసవి సెలవులకు ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్‌లో – నేటి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అదే – కాజీపేటకు వెళ్లిన ఆ కుటుంబం, తిరుగు ప్రయాణంలో ఆవకాయ జాడీతో పాటు పది పన్నెండు క్యాసెట్లు తెచ్చుకొనేది. ఘంటసాల భగవద్గీత, బాలమురళీకృష్ణ పాడిన రామదాసు కీర్తనలు, కొత్త సినిమా పాటలు అందులో ఉండేవి. వాటి నడుమ పేరు ముద్రించని క్యాసెట్టు ఒకటి చేరింది. 1986లో ఒక మధ్యాహ్నం ఆయన తల్లి వంటింటి గడప మీద కూర్చొని ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాడగా తండ్రి టేపురికార్డరులో పట్టిన పాట అది. రాముని వెంట లక్ష్మణుడు అడవికి వెళ్లిన పద్నాలుగేళ్లూ నిద్రలో గడిపిన ఊర్మిళ కథను తెలుగు స్త్రీలు తరతరాలుగా పాడుకొంటున్నారు. ఆమె దానిని తన తల్లి వద్ద నేర్చుకొన్నది. ఏ కంపెనీ ఆ గొంతును రికార్డు చేయలేదు. ఏ దుకాణంలోనూ అది దొరకదు.

క్యాసెట్టు ఆ రోజులలో ఇంత సులభంగా ఇంటింటా ప్రవేశించడానికి ఢిల్లీ కూడా ఒక కారణమే. దర్యాగంజ్‌లో పండ్లరసం అమ్మిన కుటుంబంలో పుట్టిన గుల్షన్ కుమార్, 1980 దశకంలో నొయిడా కేంద్రంగా టి-సిరీస్ క్యాసెట్లను తక్కువ ధరకు దేశమంతటా వెదజల్లాడు. అంతకు ముందే, 1979లో, జపానుకు చెందిన సోనీ సంస్థ ‘వాక్‌మన్’ను విడుదల చేసి పాటను గదిలో నుంచి నడిచే మనిషి చెవిలోకి తెచ్చింది.

తరువాతి మలుపు జర్మనీలో వచ్చింది. ఫ్రౌన్‌హోఫర్ పరిశోధన సంస్థలో కార్ల్‌హైన్స్ బ్రాండెన్‌బుర్గ్, ఆయన సహచరులు పాటను చిన్నదిగా కుదించే పద్ధతిని రూపొందించారు. దానికి 1995లో ‘ఎంపీ3’ అన్న పేరు స్థిరపడింది. దాని సూత్రం గ్రహించడం కష్టం కాదు. డోలు మ్రోగుతున్నప్పుడు పక్కన గాజు గలగల మన చెవికి అందదు. అందని దానిని దాచడం దేనికి? అట్టి శబ్దాలను ఏరి పారవేస్తే పాట పరిమాణం తగ్గుతుంది. కంపాక్టు డిస్కులో ఐదు నిమిషాల పాట సుమారు 53 మెగాబైట్లు ఆక్రమిస్తే, 128 కిలోబిట్ల ఎంపీ3లో అదే పాటకు ఐదు మెగాబైట్లు చాలు. పారవేసినదానిని మాత్రం తిరిగి తేలేము.

1998లో కొరియా నుంచి వచ్చిన ‘ఎంపీమాన్’లో 32 మెగాబైట్ల చోటు ఉండేది, ఆరేడు పాటలు పట్టేవి. 2001 అక్టోబరులో ఆపిల్ సంస్థ 5 గిగాబైట్ల ఐపాడ్‌ను తెచ్చి, జేబులో వెయ్యి పాటలని చాటింది. ఇరవై ఏళ్లు జగమేలిన ఆ ఐపాడ్ తయారీని అదే సంస్థ 2022 మే నెలలో విరమించింది. కోట కట్టినవాడే కోట తలుపు మూసిన కథ ఇది.

ద్వారక ఉద్యోగి మొదటి యంత్రాన్ని 2004లో కొన్నాడు. 256 మెగాబైట్ల చోటు. కనాట్ ప్లేస్‌లో నేల క్రింద ఉన్న పాలికా బజారులో ఒక దుకాణదారు ఆయన క్యాసెట్లను ఎంపీ3లుగా మార్చి ఇచ్చాడు. చోటు ఇరుకు కనుక తల్లి పాడిన ఇరవై నిమిషాల పాటను 64 కిలోబిట్లకే కుదించవలసి వచ్చింది. ఆనాడు అది పెద్ద లోటుగా తోచలేదు. ఆమె ఇంట్లోనే ఉన్నది. అడిగితే మళ్లీ పాడుతుంది.

2010లో రెండవ యంత్రం వచ్చింది. దానిలో చోటు అపారం, తెర అందమైనది. అయితే పాటలను తానుగా తీసుకోదు. కంపెనీవారి ప్రత్యేకమైన సాఫ్ట్‌వేరు ద్వారానే ఎక్కించాలి. లోపలికి వెళ్లిన పాటను అదే దారిన వెలుపలికి రానీయదు. క్యాసెట్ల పెట్టె అక్కగారి ఇంటికి, హనుమకొండకు చేరింది. మరుసటి ఏడాది తల్లి కాలం చేసింది. ఆ తరువాత పాత కంప్యూటరు చెడిపోయింది. ఇప్పుడు ఆమె గొంతు నిత్యం వినిపించే చోటు ఆ యంత్రం ఒక్కటే. ద్వారకలో మెట్రో ఎక్కి నొయిడాలో దిగేవరకు, గంటకు పైగా సాగే ప్రయాణంలో, వారానికి ఒకసారైనా ఊర్మిళ ఆయన చెవిలో నిద్రించి మేలుకొనేది.

2023 వేసవిలో ఒకనాడు యంత్రం వెనుక రేకు ఉబ్బి పైకి లేచింది. లోపలి లిథియం బ్యాటరీ పొంగింది. అట్టి బ్యాటరీని నొక్కరాదు, గుచ్చరాదు, తిరిగి చార్జి చేయరాదు. అదృష్టవశాత్తు ఆయన ఆ పనులేవీ చేయక నెహ్రూ ప్లేస్‌లో మరమ్మతులు చేసే ఒక యువకుని వద్దకు తీసుకొని పోయాడు. అతడు యంత్రాన్ని విప్పి చూసి, “బ్యాటరీ మార్చగలను సార్. కాని లోపలి పాటలకు హామీ ఇవ్వలేను” అన్నాడు.

ఆ రాత్రి ఆయన అక్కకు టెలిఫోను చేశాడు.

“అక్కయ్యా, అమ్మ పాడిన క్యాసెట్టు ఇంకా ఉన్నదా?”

“ఎందుకు లేదురా? అమ్మ పట్టుచీర మడతల్లో పెట్టాను. వినడానికి యంత్రం లేక పదిహేనేళ్లయింది గాని, పారవేయడానికి చేతులు రాలేదు.”

నాలుగు రోజులకు మరమ్మతు కుర్రవాడు పాటలను వెలికి తీయగలిగాడు. వారం తిరిగేసరికి క్యాసెట్టూ ఢిల్లీ చేరింది. అనుకోకుండా ఒకే పాటకు రెండు రూపాలు ఆయన ఎదుట నిలిచాయి.

క్యాసెట్టును డిజిటల్ రూపంలోకి మార్చడం గొప్ప విద్య కాదు, ఓపిక కావాలి. ఏళ్ల తరబడి కదలని టేపును ముందుగా ఒకసారి చివరి వరకు చుట్టి వెనక్కు తిప్పాలి. టేపు తగిలే హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన దూదితో తుడవాలి. టేపురికార్డరును తీగతో కంప్యూటరుకు కలిపి, ఉచితంగా లభించే ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేరులో పట్టవచ్చు. గంట క్యాసెట్టుకు గంట కాలమూ పడుతుంది. ఈ పనికి అడ్డదారి లేదు. పట్టినదానిని మొదట ‘ఫ్లాక్’ రూపంలో భద్రపరచాలి. ఇది కూడా పాటను కుదిస్తుంది గాని, దేనినీ పారవేయదు. డిస్కు పరిమాణంలో సుమారు సగానికి వస్తుంది. మూలం ఇట్లా భద్రమైన తరువాత, నిత్యం వినడానికి ఎంపీ3 ప్రతులు ఎన్నయినా తీసుకోవచ్చు.

రెండు రూపాలను పక్కపక్కన పెట్టి విన్నప్పుడు తేడా స్పష్టమైంది. పాలికా బజారు ప్రతిలో మాటలన్నీ ఉన్నాయి, రాగమూ ఉన్నది. కాని గొంతు నీళ్లలో నుంచి వస్తున్నట్లు తోచింది. క్యాసెట్టులో ఆమె ఒక చరణానికీ మరొక చరణానికీ నడుమ తీసుకొన్న ఊపిరి వినిపించింది. ఇందులో ఆశ్చర్యం లేదు. వాద్యాల సందడిలో లోపాలు మరుగున పడతాయి. ఒంటరి గొంతుకు ఆ చాటు ఉండదు. ఎంపీ3ని తీర్చిదిద్దే రోజులలో బ్రాండెన్‌బుర్గ్‌ను ఎక్కువగా ఇబ్బంది పెట్టినది కూడా సుజాన్ వేగా అనే అమెరికన్ గాయని వాద్యాలు లేకుండా పాడిన పాటే. దానిని మళ్లీ మళ్లీ విని ఆయన తన పద్ధతిని సవరించుకొన్నాడు.

ఇక కొత్త యంత్రం మాట. కళాశాలలో చదువుతున్న కుమార్తె అడిగింది: “ఫోను చేతిలో ఉండగా మళ్లీ ఇంకొక యంత్రం దేనికి నాన్నా? కోరిన పాట క్షణంలో వస్తుంది గదా!”

“వస్తుందమ్మా. అది అద్దె ఇల్లు. యజమాని పొమ్మన్న రోజున సర్దుకోవడానికి మన సామాను ఏదీ ఉండదు.”

ఆ మాటలో అతిశయోక్తి లేదు. ఫ్లిప్‌కార్ట్ 2012లో తెరచిన ‘ఫ్లైట్’ అనే పాటల దుకాణం 2013లో మూతపడింది. ‘రెస్సో’ 2024 జనవరిలో మన దేశంలో సేవలను నిలిపివేసింది. అదే ఏడాది ఎయిర్‌టెల్ తన ‘వింక్’ను మూసివేయనున్నట్లు ప్రకటించింది. ఫ్లైట్‌లో కొని దించుకొన్నవారి ఎంపీ3 పాటలు దుకాణం మూతపడినా వారి వద్ద నిలిచాయి. నెలనెలా రుసుము కట్టి విన్నవారికి పాటల పట్టికలే మిగిలాయి. ప్రముఖుల పాటలు మరొక చోట దొరుకుతాయి. నాయనమ్మ పాట మరొక చోట దొరకదు. కుమార్తె ఆ తరువాత వాదించలేదు.

విపణిలో పాటల యంత్రాలు నేటికీ లేకపోలేదు. సోనీ ‘వాక్‌మన్’ పేరు ఇంకా బ్రతికే ఉన్నది. ఫియో వంటి చైనా సంస్థలూ రకరకాలవి తయారు చేస్తున్నాయి. దుకాణంలో మొదట చెప్పేది గిగాబైట్ల సంఖ్య, తెర మెరుపు. ఈసారి ఆయన వేసిన ప్రశ్నలు వేరు. ప్రత్యేకమైన సాఫ్ట్‌వేరు లేకుండా, మామూలు తీగతో ఏ కంప్యూటరుకైనా కలిపి పాటలను ఎక్కించడమే కాక దించుకోనూ వచ్చునా? విడిగా తీయగల మెమరీ కార్డు పెట్టుకోవచ్చునా? ఫ్లాక్, ఎంపీ3 రెండూ పలుకుతాయా? బ్యాటరీ సన్నగిల్లిన నాడు మార్చే వీలున్నదా? తీగ ఉన్న ఇయర్‌ఫోను పెట్టుకొనే రంధ్రం ఉన్నదా?

ఈ ప్రశ్నలలో మొదటి రెండూ ప్రాణం వంటివి. యంత్రం ఐదారేళ్లకు చెడక తప్పదు. పాటలు కార్డు మీద ఉంటే యంత్రం పోయినా కార్డు తీసి మరొక దానిలో పెట్టుకోవచ్చు. 128 గిగాబైట్ల కార్డులో ఐదేసి నిమిషాల ఫ్లాక్ పాటలు నాలుగు వేల దాకా పడతాయి. సామాన్య గృహస్థుకు అది జీవితకాలపు నిధి.

మెట్రోలో వినేవారికి మరొక హితవు. రైలు రొదలో ఫ్లాక్‌కూ, మంచి ఎంపీ3కీ తేడా కనిపెట్టడం దాదాపు అసాధ్యం. అక్కడ ఖరీదైన యంత్రం కన్న, చెవికి సరిగా అమరి బయటి శబ్దాన్ని ఆపే ఇయర్‌ఫోను ఎక్కువ మేలు చేస్తుంది. రొదను మించాలని శబ్దాన్ని పెంచితే నష్టపోయేది చెవి. పెద్దలు వారానికి 40 గంటలకు మించి 80 డెసిబెల్‌ల స్థాయిలో వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ప్రయాణానికి ఎంపీ3, భద్రతకు ఫ్లాక్ – ఈ రెండింటికీ తగవు లేదు.

ఆయన చివరకు కొన్నది మధ్యరకం యంత్రం. రెండు కార్డులు కొని ఒకటి అందులో పెట్టి, మరొకటి హనుమకొండ పంపాడు. ఇంకొక ప్రతి ఇంట్లోని హార్డ్ డిస్కులో ఉన్నది. డిజిటల్ ప్రతి తయారైనదని అసలు క్యాసెట్టును పారవేయలేదు. అది తిరిగి పట్టుచీర మడతల్లోకే చేరింది.

ఒక్క విషయంలో మాత్రం కుమార్తెకూ ఆయనకూ కొంత చర్చ జరిగింది. క్యాసెట్టులో పాట వెనుక టేపు బుసతో పాటు కుక్కరు ఈల, రామకృష్ణపురం వీధిలో కూరలబండివాని కేక వినిపిస్తాయి. పాట ముగిశాక తల్లి “అయిందా? ఆపండి, అన్నం మాడుతున్నది” అంటుంది. కంప్యూటరులో ఒక మీట నొక్కి బుసను తగ్గించవచ్చు. చివరి మాటను కత్తిరించవచ్చు. వినడానికి అట్లా శుభ్రం చేసిన ప్రతిని కుమార్తె తన ఫోనులో పెట్టుకొన్నది. మూలాన్ని మాత్రం ఆయన తాకనీయలేదు. ఏది పాటో, ఏది రొదో నిర్ణయించే హక్కు తరువాత వినేవారికీ ఉండాలని ఆయన ఉద్దేశం. ఇంకొక ముప్పై ఏళ్లకు పాట మరొక ఇల్లు మారవలసి వస్తుంది. అప్పుడు సామాను సర్దేది ఆ అమ్మాయే.