హవాయి చెప్పు ముక్క

మా మామూకి వినికిడి తగ్గి నాలుగేళ్లయింది. మొత్తం పోలేదు. సన్నటి ఆవాజ్‌లు పోయాయి. మనవరాళ్లు పలకరిస్తే పెదాల కేసి చూస్తాడు. కుక్కర్ విజిల్ తెలీదు. వీధిలో లారీ పోతే మాత్రం మంచం మీద నుంచే ‘లోడు ఎక్కువేశాడ్రా’ అంటాడు. డాక్టర్ చెప్పింది కూడా అదే. వయసుతో వచ్చే చెవుడులో ముందు పై సుర్‌లు పోతాయి, కింది సుర్‌లు చాలాకాలం మిగులుతాయి అని.

ఆ మాట విన్నాక నాకు వాళ్లింటి అటక గుర్తొచ్చింది. అటక మీద, బక్రీద్‌కి మాత్రమే కిందికి దిగే డేగ్‌ల వెనకాల, పాత రజాయిలో చుట్టి మామూ బేస్ గిటార్ ఉంది.

పిల్లలకు తెలీదు గనక చెబుతున్నా. మా కర్నూల్లో అప్పట్లో ఆర్కెస్ట్రా పార్టీలుండేవి. షాదీకీ వలీమాకీ పిలిచేవారు, తిరునాళ్లకి పిలిచేవారు, వినాయక చవితి పందిట్లోకీ పిలిచేవారు. పగలు మామూది మోటారు రీవైండింగ్ షాపు. బోరు మోటార్లు, మిక్సీలు, ఫ్యాన్లు. రాత్రి స్టేజి మీద వెనకాల, డ్రమ్స్ పక్కన, నాలుగు లావు తీగల గిటార్ పట్టుకొని కదలకుండా నిలబడేవాడు. పాడేవాళ్ల పేర్లు కరపత్రంలో ఉండేవి. కీబోర్డు వాయించే ఆయన పేరూ ఉండేది. మామూ ‘మరియు బృందం’లో ఉండేవాడు. మోగినంతసేపు బేస్‌ని ఎవరూ వినరు. ఆగితే మాత్రం పాట కింద నేల జారినట్టుంటుంది, తప్పెక్కడ జరిగిందో తెలీక జనం తలలు తిప్పుతారు. ఇళయరాజా పాటల్లో బేస్ వాయించినాయన శశిధరన్ అని తెలుసుకోవడానికి మామూకే ఎన్నో ఏళ్లు పట్టింది. తెలిసిన రోజు షాపులో అందరికీ చాయ్ తెప్పించాడు.

ముందు ఒక సెకండ్ హ్యాండ్ గిటార్ ఉండేది, దాని మెడ వానాకాలంలో ఒక తీరు, ఎండాకాలంలో ఒక తీరు. తర్వాత మూడేళ్లు కువైట్‌లో రీవైండింగ్ పనికి వెళ్లొచ్చాడు. అందరూ టేప్‌రికార్డర్లూ దుప్పట్లూ తెస్తే మామూ జపాన్‌లో తయారైన యమహా బేస్ తెచ్చాడు. మా అబ్బాకి బాజా అంటే పడదు. అందుకని అది మా గడప తొక్కలేదు, షాపులోనే ఉండేది. నేను ఉర్దూ మీడియం బడి అయిపోగానే సంచీతో సహా అక్కడికి పోయేవాణ్ణి. పికప్ అంటే ఏంటో నాకు అక్కడే అర్థమైంది. అయస్కాంతం ముక్కలు, వాటి చుట్టూ తల వెంట్రుకంత రాగి తీగ, వేల చుట్లు. పైన ఉక్కు తీగ ఊగితే ఇందులో కరెంటు పుడుతుంది. ‘ఇదీ మోటారే బేటా, తిరగదంతే’ అనేవాడు మామూ.

ఆ గిటార్ మీద ఒక వింత ఉండేది. తీగలు బిగించే బ్రిడ్జి దగ్గర, తీగల కింద, నీలం రంగు హవాయి చెప్పు ముక్క ఇరికించి ఉండేది. ఎందుకని అడిగితే, ‘లేకపోతే ఒక సుర్ ఆగకముందే ఇంకోటి దాని మీద పడి దొర్లుతుంది’ అన్నాడు.

హజ్‌కి వెళ్లొచ్చాక తనే ఆపేశాడు. ఎవరూ ఆపమనలేదు, ఆయనా ఏమీ చెప్పలేదు. గిటార్ షాపు నుంచి ఇంటికీ, ఇంట్లో అటక మీదికీ వెళ్లింది. ఆ బహస్ ఇక్కడ వద్దు.

*

రెండేళ్ల క్రితం అమెరికాలో మా ఆపా దగ్గరికి వెళ్లాను. వాళ్లుండేది డెట్రాయిట్ పక్కన. అక్కడ మన తెలుగువాళ్లు బాగానే ఉన్నారు, ఎక్కువమందిది కార్ల కంపెనీల నౌకరీ. భాయ్‌జాన్ కార్ల మ్యూజియం చూపిస్తానంటే నేను వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్‌లో ఒక చిన్న ఇల్లు చూపించమన్నాను. మోటౌన్ కంపెనీ పాటలు రికార్డు చేసిన ఇల్లది. ఇప్పుడు మ్యూజియం. బయట హిట్స్‌విల్ యు.ఎస్.ఏ. అని రాసి ఉంటుంది. లోపల స్టూడియో మన పాతబస్తీ ఇళ్లలో దాలాన్ అంత ఉంటుందేమో. దాన్ని వాళ్లు పాముల గుంట అనేవాళ్లట.

అక్కడ బేస్ వాయించినాయన జేమ్స్ జేమర్సన్. 1936లో పుట్టాడు, 1983లో పోయాడు. దునియా అంతా ఆయన వేళ్లకు డాన్స్ చేసింది, ఏళ్ల తరబడి రికార్డు అట్టల మీద పేరు లేదు. 1971లో మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ రికార్డుకు వేశారు. ఆయన వాయించింది 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్ బేస్. తీగలు మెడకు చాలా ఎత్తులో ఉండేవట, వేరేవాళ్లు నొక్కలేకపోయేవారు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితో మీటేవాడు. ఆ వేలికి కొక్కెం అని పేరు. తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదు, పట్టిన మురికిలోనే మజా ఉందని ఆయన నమ్మకం. చనిపోవడానికి కొద్దిరోజుల ముందు ఆ గిటార్ ఎవరో ఎత్తుకుపోయారు. ఇప్పటికీ దొరకలేదు.

అది తెలిశాక అలాంటిదొకటి చేత్తో పట్టుకోకుండా ఇండియా విమానం ఎక్కకూడదనుకున్నా. పాత గిటార్లు అమ్మే దుకాణంలో, ప్రెస్ వాణ్ణని చెప్పి, నానా సవాళ్లు వేసి, 1964 ప్రెసిషన్ ఒకటి ఒళ్లోకి తెచ్చుకున్నా. ధర చీటీ చూశాక రెండు చేతులతో పట్టుకున్నా.

దీని కథ కూడా మా మామూ షాపు లాంటి చోటే మొదలైంది. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ అని రేడియో రిపేర్లు చేసే మనిషి. గిటార్ వాయించడం రాదు. అప్పటిదాకా బేస్ అంటే మనిషి కంటే ఎత్తున నిలబెట్టి వాయించే పెద్ద వాద్యం. ఫ్రెట్లు ఉండవు, వేలు అంచనాగా పెట్టాలి. 1951లో ఈయన దాన్ని మెడలో వేసుకునేంత చేసి, ఫ్రెట్లు బిగించాడు. వేలు పెట్టినచోట సుర్ ఖచ్చితంగా పలుకుతుంది గనక ప్రెసిషన్ అన్నాడు. 1957లో పికప్‌ని రెండు ముక్కలు చేశాడు. దాంతో కరెంటు గుంయ్ మనే రొద పోయింది. ఇప్పటికీ ఆ పికప్ అలాగే ఉంది. 1965లో కంపెనీని కోటీ ముప్పై లక్షల డాలర్లకు సీబీఎస్‌కి అమ్మేశాడు. అందుకే పాతవాటి షౌక్ ఉన్నవాళ్లు ‘65కి ముందుదా, తర్వాతదా’ అని అడుగుతారు. పాతదల్లా గొప్పదని కాదు. 1970లలో వచ్చినవాటిలో మోస్తే భుజం పడిపోయేవి ఉన్నాయి.

నా ఒళ్లో ఉన్నది ఎలా ఉందంటే, మెడ వెనకాల వార్నిష్ అరిగి కర్ర బయటపడింది. ఎవరెవరి బొటనవేళ్లో అరగదీశాయి. అమ్మీ చపాతీ కర్ర పిడిలా నున్నగా, కొంచెం వెచ్చగా. ముందువైపు పలచటి లక్క పూత పాత చీనీ కప్పులా సన్నగీతలుగా చిట్లింది. అంచులన్నీ కరిగిపోయిన సబ్బులా గుండ్రం. మెడ వెడల్పు, తీగలు లావు. తీగల మీద చుట్టిన లోహం చదునుగా ఉంది, వేలు జారుతుంటే కిర్రుమనలేదు. ఒకటే వాల్యూమ్ గుబ్బ, ఒకటే టోన్ గుబ్బ.

మామూ నేర్పిన ముక్క ఒకటి మీటాను. ధమ్ అని మొదలై, కొంచెం ఉబ్బి, వెంటనే ఆరిపోయింది. తబలాలో ఎడమచేతి బాయా మీద కొట్టి అరచేయి ఆనించినట్టు. మెరుపు లేదు, తోక లేదు. దుకాణం వాడు నా మొహం చూసి, బ్రిడ్జి మీద ఉండే క్రోమ్ మూత ఊడదీసి లోపలివైపు చూపించాడు. అక్కడ ఒక స్పాంజి ముక్క అంటించి ఉంది. తీగలకు ఆనుకొని సుర్‌ని తొందరగా ఆపడానికి కంపెనీ వాళ్లే పెట్టేవారట.

నేను నవ్వు ఆపుకోలేకపోయా. భాయ్‌జాన్‌కి హవాయి చెప్పు సంగతి చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. అందుకని ఊరుకున్నా.

*

ఇంత ఇల్మ్ మోసుకొచ్చిన మనిషిని గనక, పోయిన ఈద్‌కి గట్టిగా దెబ్బ తిన్నాను.

మామూ నవాసా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. వాడు కిస్తుల మీద కొత్త బేస్ కొని ఈద్‌కి తెచ్చాడు. అయిదు తీగలది. మామూలు నాలుగింటి కింద ఇంకో లావు తీగ. పాత బేస్‌లో అన్నిటికంటే కిందిది క్షణానికి 41 సార్లు ఊగితే, ఇది 31 సార్లే. లోపల తొమ్మిది వోల్టుల బ్యాటరీ. కిందివీ మధ్యవీ పైవీ దేనికదే పెంచుకోవచ్చు. ఇలా బ్యాటరీతో నడిచేవి కూడా మరీ నిన్నటివి కావు. అదే లియో ఫెండర్ ఇంకో కంపెనీలో ఉండగా 1976లోనే స్టింగ్‌రే అని వచ్చింది. వాడి గిటార్ మెడ పట్టులా జారుతోంది. తీగలు ఫ్రెట్లకు అంటుకున్నంత కింద ఉన్నాయి, ఊదితే మోగుతాయేమో. పాతవాటిలో పై తీగ మీద అయిదో ఫ్రెట్ చుట్టుపక్కల సుర్ చచ్చిపోయే చోటొకటి సాధారణంగా ఉంటుంది. దీని మెడలో కార్బన్ పట్టీలున్నాయట, ఎక్కడ నొక్కినా ఒకే బలం. మెడ కాస్త వంగితే చిన్న చక్రం తిప్పితే చాలు. డెట్రాయిట్‌లో చూసినదానికైతే మెడ మొత్తం విప్పితే గానీ ఆ మర అందదు. పైగా బరువు మామూ దానికంటే కిలో తక్కువ.

వాడికి కూడా నానా గిటార్ మీద కన్నుంది. అటక దించుదాం, తీగలు కొత్తవి వేసి, బ్యాటరీ సర్క్యూట్ పెట్టిస్తా అన్నాడు. ‘తాజ్‌మహల్‌కి టైల్స్ వేస్తావురా?’ అని నేను లేచాను. జేమర్సన్ కథంతా చెప్పాను. దస్తర్‌ఖాన్ మీద షీర్‌ఖుర్మా చల్లారిపోయింది.

దించడానికి నాకు ముమానీతోనే భయం. ఆమె ఏమీ అనలేదు. స్టూలెక్కుతుంటే వచ్చి, డేగ్‌లు ఒక్కొక్కటే అందుకొని పక్కన పెట్టింది.

మామూకి విషయం చెప్పాలంటే ఉర్దూలో పలక మీద రాయాలి, తెలుగు చదవడం రాదు. రాయక్కర్లేకపోయింది. రజాయి విప్పగానే చేయి చాపాడు. బెల్టు భుజానికేసుకున్నాడు. రెండు నిమిషాలు. మొహం ముడుచుకుపోయింది, భుజం దిగలాగుతోంది. తీసి మంచం మీద పెట్టేసి, నవాసా గిటార్ కేసి చూపించాడు.

అది ఒళ్లో పెట్టుకున్నాడు. దాని పై కొమ్ముకి దవడ ఆనించాడు. కరెంటు లేనప్పుడు సుర్ సరిచూసుకోవడానికి బేస్ వాయించేవాళ్లు చేసే పనే అది, కర్ర లోంచి ఎముకలోకి వినబడుతుంది. లావు తీగ మీటాడు. కళ్లు పెద్దవయ్యాయి. మళ్లీ మీటాడు.

‘యే సుర్ కాఁ థా రే ఇత్తే దిన్?’

నాకు కష్టమనిపించింది, దాచడం దేనికి. పలక తీసుకొని రాశా: పాతదే బాగుంది కదా మామూ?

చదివి నన్ను చూశాడు. ‘ఎవరు చెప్పార్రా నీకు? అప్పుడు నాకు దొరికింది అదే’ అన్నాడు. ఇంకా చెప్పాడు. తీగలు ఏడాదికోసారైనా మార్చాలని ఉండేదట. మద్రాసు నుంచి తెప్పించాలి, ఒక జత డబ్బుల్లో ఇంట్లో పదిరోజులు గడిచేవి. అందుకని కిరసనాయిల్‌తో తుడిచి మళ్లీ అవే బిగించేవాడు. చెప్పు ముక్క పెట్టింది కూడా మా ఊరి మైకుసెట్టు స్పీకర్లు తట్టుకోలేక గుయ్యిమంటుంటే, వాటి నోరు మూయించడానికి. నేను ఇన్నాళ్లూ ఆ ఆవాజ్‌ని జేమర్సన్ పక్కన కూర్చోబెట్టాను. అది గరీబీ అని మామూ ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

నవాసా స్పీకర్‌కి తగిలించాడు. మామూ ఒక పాత పాట మొదలుపెట్టి, రెండు వరసలు వాయించి, వద్దన్నట్టు చేయి ఊపాడు. తన గిటార్ బ్రిడ్జి కేసి వేలు చూపించాడు. ఆ నీలం ముక్క పీకి కొత్తదాని తీగల కింద ఇరికించమన్నాడు. వాడు నా మొహం చూశాడు. నేనే ఇరికించాను.

ఈసారి వాయిస్తే షాపు ఆవాజ్ వచ్చింది. వాడి తీగలు గరుకు చుట్టువి, కొత్తవి, మెరుస్తున్నవి. కర్ర వేరు, పికప్ వేరు, బ్యాటరీ కూడా ఉంది. అయినా తొంభై పాళ్లు అదే ధమ్, అదే ఆగడం. మిగతా పది పాళ్ల తేడా నాకు వినబడింది. పాతదానిలో ప్రతి సుర్ కొంచెం ఆలస్యంగా, ఊపిరి తీసుకొని మాట్లాడినట్టు వచ్చేది. ఇది అడగకముందే జవాబిస్తోంది. లేదా నా చెవులకు అలా వినాలని ఉందేమో. నవాసా మాత్రం వాళ్ల నానా వేలినే చూస్తున్నాడు. వాడూ ఆ రోజంతా చూపుడువేలు ఒక్కదానితోనే వాయించాడు.

మగ్రిబ్ అజాన్ దాకా సాగింది. కొత్తది నానా దగ్గరే వదిలెళ్లమని అనబోయి, కిస్తులు గుర్తొచ్చి ఆగాను. వాడు రాత్రి బస్సుకి దాన్ని తీసుకొని పోయాడు. పోతూ పోతూ పాతదాన్ని ముట్టుకోనని నాకు వాదా చేశాడు. తీరా చూస్తే చెప్పు ముక్క వాడి కేసులోనే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున ముమానీ ఫోన్. సలాం కూడా చెప్పలేదు. ‘ఈద్‌కి కొన్న చెప్పులు, ఎడమది కోసేశాడు. మంచం మీద కూర్చొని ఒళ్లో దాన్ని పెట్టుకున్నాడు. వచ్చి చూడు మీ మామూని.’