ఆలుగడ్డ అచ్చు, బెండకాయ పువ్వు

వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థుల తరఫున ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగారు. హాస్టల్ అనగానే అందరూ పప్పుచారు గురించీ, స్టడీ అవర్‌లో కునికిపాట్ల గురించీ రాస్తారు. అవి మేమూ రాయగలం. కానీ 2005-06లో మోమిన్‌పేటలో పదో తరగతి చదివిన మా బ్యాచ్ వాళ్లం నిరుడు కలుసుకున్నప్పుడు రాత్రి పొద్దుపోయేదాకా మాట్లాడుకున్నది గ్రీటింగ్ కార్డుల గురించి. కొన్నవి కాదు, మేము చేసినవి. అందుకే అవే రాస్తున్నాం.

అప్పుడు మనది రంగారెడ్డి జిల్లా. వికారాబాద్ జిల్లా 2016 అక్టోబరులో ఏర్పడింది. డిసెంబరు వచ్చిందంటే దుకాణాల ముందు తాడు కట్టి గ్రీటింగ్ కార్డులు వేలాడదీసేవారు. గులాబీలు, పావురాలు, సినిమా హీరోలు, తెరిస్తే పాట వినిపించేవి కూడా. బడి నుంచి వచ్చేటప్పుడు అక్కడ కాసేపు నిలబడి చూసేవాళ్లం. మా దగ్గర ఉండేది కాస్మెటిక్ చార్జీల్లో సబ్బుకూ నూనెకూ పోగా మిగిలిన చిల్లర, ఆదివారం చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలు జేబులో పెట్టిపోయిన రూపాయలు. కార్డు కొంటే ఐదు రూపాయల పోస్టు కవరుకు డబ్బులుండవు. కవరు కొంటే కార్డుకు ఉండవు. కార్డు మనమే చేద్దామన్న ఆలోచన అలా పుట్టింది. కళ మీద ప్రేమతో మొదలుపెట్టామని రాస్తే అబద్ధమవుతుంది.

కాగితం పెద్ద సమస్య కాలేదు. ఊరికి పోయినప్పుడు పాత పెళ్లి పత్రికలు తెచ్చుకునేవాళ్లం. వాటి వెనక వైపు ఖాళీగా, గట్టిగా ఉంటుంది. రంగులే కష్టం. వాటర్ కలర్ డబ్బా ఒకటి ఉండేది గానీ అందులో నీలం, ఎరుపు మొదటి వారంలోనే అయిపోయాయి. తర్వాత ఎవరి ఊరి విద్య వాళ్లు బయటపెట్టారు. గోడలకు పూసే జాజు నానబెడితే మంచి ఇటుక రంగు. పసుపులో సున్నం కలిపితే ఎరుపు. లేత టేకు ఆకు అరచేతుల్లో నలిపితే రక్తం లాంటి రంగు. హోలీ ముందు మోదుగు పూలు ఉడకబెడితే నారింజ రంగు. బట్టల నీలిమందు, గంజు అడుగున మసి ఉండనే ఉన్నాయి. వీటిలో రాత్రి నానబెట్టిన తుమ్మబంక కలపాలి. బంక లేకపోతే రంగు కాగితం మీద నీళ్లలా పారుతుంది. ఎక్కువైతే ఎండాక పెళుసుబారి రాలిపోతుంది. ఈ కొలత తెలియడానికి ఎన్ని పెళ్లి పత్రికలు పాడయ్యాయో లెక్క లేదు.

అచ్చులు వంటగది నుంచి వచ్చాయి. మొదట ఆలుగడ్డ అడిగాం. వంట అక్క గరిటె ఎత్తింది. "తినే వస్తువు కోసి ఆడుకుంటరా? ఎవని నోట్లో ముద్ద తీస్తరు?" అంది. ఆమె మాటకు ఎదురు చెప్పలేదు, చెప్పడానికి ఏముంది? తర్వాత మొలకలొచ్చినవీ, పచ్చబడినవీ మాకే పక్కకు పెట్టేది. బెండకాయ కూర రోజు మాత్రం మాకు పండుగే. తొడిమె వైపు కోసి పారేసే ముక్కలన్నీ మావే. ఆ ముక్కను రంగులో అద్ది కాగితం మీద నొక్కితే ఐదు రేకుల పువ్వు పడుతుంది. దుకాణంలో వేలాడే గులాబీకి ఏ మాత్రం తీసిపోదని ఇప్పటికీ అంటాం. సబ్బుపెట్టె మూతలో తడిగుడ్డ మడిచిపెట్టి రంగు పోస్తే అదే మా స్టాంపు ప్యాడ్. ఆకును కార్డు మీద పెట్టి, పాత టూత్‌బ్రష్షును రంగులో ముంచి దువ్వెన మీద గీకితే చుట్టూ తుంపర్లు పడి, ఆకు తీశాక దాని రూపం తెల్లగా మిగులుతుంది.

ఆలుగడ్డ మీద అక్షరాలు కోయడం ఒక్కడికే వచ్చు. మేము ఒకరినొకరం ఊరి పేర్లతోనే పిలుచుకునేవాళ్లం కాబట్టి వాడు మాకు మర్పల్లోడు. మొదటిసారి మేము కోసిన "శుభాకాంక్షలు" అచ్చు వేస్తే తిరగబడి పడింది. అందరం నవ్వాం. వాడు నవ్వలేదు. స్టీలు పళ్లెం తెచ్చి, తళతళా తోమి, అందులో అక్షరాల నీడ చూస్తూ సగం బ్లేడుతో మళ్లీ కోశాడు. ఒత్తులతో సహా సరిగ్గా పడింది. ఆ తర్వాత అక్షరాల పని వాడికే వదిలేశాం.

ఒకరోజు ఆఫీసు గదిలోని ఊదారంగు ప్యాడ్ మీద చేతులు పడ్డాయి. సాయంత్రం హాజరు తీసుకునేటప్పుడు వార్డెన్ సార్ అందరి వేళ్లూ చూశారు. కొట్టలేదు. "ముద్ర జోలికి పోకండి, ప్యాడ్ కావాలంటే అడగండి" అని, చించిన ఆఫీసు కవర్లు కూడా ఇచ్చారు. వాటి మీద సర్వీసు స్టాంపులుండేవి, మూడు సింహాల బొమ్మతో. నీళ్లలో నానబెట్టి ఊడదీసి, కార్డుల మీద అంచుల్లా అతికించేవాళ్లం. మాలో ఒకడు ఇంకో అడుగు ముందుకేసి కవరు మీద కూడా అలాంటి వాడేసిన స్టాంపే అతికించి పోస్టు చేశాడు. టికెట్టు లేని ఉత్తరానికి రెట్టింపు వసూలు చేస్తారని మాకేం తెలుసు? తర్వాతి ఆదివారం వాళ్ల నాయిన వచ్చి, "బిడ్డా, నీ గ్రీటింగు నాకు పది రూపాయలకు పడ్డది" అన్నాడు. కోపంగా కాదు, కార్డు బాగుందనే చెప్పాడు.

మా అమ్మానాన్నల్లో చాలామందికి చదువు రాదు. హాస్టల్ అడ్మిషన్ ఫారం మీద అదే ఊదారంగు ప్యాడ్‌తో వేలిముద్ర వేసినవాళ్లే. అందుకని ఇంటికి పంపే కార్డుల మీద అక్షరాలు తగ్గించి బొమ్మలు పెంచాం. బొటనవేలి ముద్రలు రెండు కలిపి ఎడ్లు, చిటికెన వేలివి వరసగా పెట్టి జొన్న కంకి. మేము పంపిన కార్డు వస్తే అది పండుగ కార్డని, పిల్లలు బాగున్నారని ఇంట్లో వాళ్లకు అర్థమయ్యేది. ఇది గుర్తుంచుకోండి.

ఆ ఏడు సంక్రాంతి సెలవుల తర్వాత మర్పల్లోడు తిరిగి రాలేదు. వాళ్ల నాయిన మంచం పట్టాడని, వీడు తాండూరులో నాపరాయి పాలిషింగ్ పనికి పోయాడని ఎవరో చెప్పారు. పరీక్ష ఫీజు అంతకుముందే కట్టి ఉంది. హాల్ టికెట్ కూడా వచ్చింది. వాణ్ని పిలవాలి. తాండూరు అడ్రసు తెలియదు కాబట్టి ఇంటికే కార్డు పంపుదామనుకున్నాం. అదే మేము చేసిన కార్డులన్నిట్లోకీ పెద్దది. నాలుగు రోజులు పట్టింది. పసుపు సున్నంతో ఎర్ర బెండపూలు, మసితో కొమ్మలు, చుట్టూ అందరి వేలిముద్రలు. మధ్యలో వంకరటింకర అచ్చక్షరాలతో, "హాల్ టికెట్ వచ్చింది. నీ చోటు ఖాళీగానే ఉంది. రా." ఈసారి టికెట్టు సరిగ్గానే అంటించాం.

వాడు రాలేదు. మేము పరీక్షలు రాశాం, పాసయ్యాం, ట్రంకు పెట్టెలు మోసుకుని వెళ్లిపోయాం. పిలిచినా రాలేదని వాడి మీద మాకు కొంత కోపం కూడా ఉండేది.

నిరుడు కలిసినప్పుడు వాడూ వచ్చాడు. రేషన్ కార్డు, పహాణీ కాగితాలు పెట్టుకునే ప్లాస్టిక్ కవరులోంచి ఆ కార్డు తీశాడు. సంగతి అప్పుడు తెలిసింది. కార్డు అందిన రోజు ఇంట్లో ఉన్నది నాయిన ఒక్కడే. పూలు, వేలిముద్రలు చూసి ప్రతిసారీ వచ్చే పండుగ కార్డే అనుకున్నాడు. మైదా పిండి పెట్టి గోడకు అతికించాడు. వీడు ఉగాదికి ఇంటికి వచ్చి గోడ మీద చదివేసరికి పరీక్షలు మొదలైపోయాయి.

"మంచిగ చేసిన్రు రా, అందుకే గోడకెక్కింది" అన్నాడు వాడు, నవ్వుతూనే. మాలో ఎవరికీ మాట రాలేదు. మోమిన్‌పేట నుంచి మర్పల్లికి బస్సులో పోతే గంట కూడా పట్టేది కాదు. కార్డుకు నాలుగు రోజులు పెట్టాం.

కార్డు మీద ఎర్ర పూలు పసుపుగా మారిపోయాయి. పసుపులో సున్నం తెచ్చే ఎరుపు నిలవదు, సున్నం ఘాటు తగ్గేకొద్దీ మళ్లీ పసుపే అవుతుంది. మాలో ఒకడు మచిలీపట్నం దగ్గర పెడనలో కలంకారీ అద్దకం చూసి వచ్చాడు. అక్కడ టేకు చెక్క అచ్చులతో, కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేసిన బట్ట మీద పటిక అద్దుతారట. తర్వాత ఎర్ర రంగులో ఉడకబెడితే పటిక పడ్డచోటే రంగు పట్టుకుని, ఉతికినా పోకుండా ఉంటుందట. నల్లరంగు తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో ఊరబెట్టి చేస్తారు. ఇవన్నీ మాకు అప్పుడు తెలియవు. మా మసి కొమ్మలు మాత్రం చెక్కుచెదరలేదు. ప్యాడ్ సిరాతో వేసిన వేలిముద్రలు వెలిసిపోయాయి గానీ, ఏది ఎవరిదో వాడు ఒక్కొక్కటి చూపించి చెప్పాడు. రెండు తప్పు చెప్పాడు.

ఆ రాత్రి ఎవరో వంటింట్లోంచి ఆలుగడ్డ తెచ్చారు. మొలకలొచ్చినదే. వాడు స్టీలు పళ్లెం అడిగాడు. రాళ్ల పనితో వేళ్లు మొద్దుబారాయి, అయినా "మోమిన్‌పేట" అని ఉల్టాగా కోశాడు. పొల్లు మొదటిసారి విరిగింది, రెండోసారి కుదిరింది. ఆ అచ్చు వేసిన కాగితం ఈ వ్యాసంతో పాటే తమ్ముళ్లకు పంపుతున్నాం.