సంచి ఎవరి చేతిలో ఉంది?

దొంగసొమ్ము కథ కోసం మా చిత్తూరు పిల్లలు దూరం పోనక్కర్లేదు. కాణిపాకం దగ్గర బాహుదా కథ అందరికీ తెలుసు: ఆకలికి తాళలేక పరాయి తోటలో పండు తిన్న లిఖితుడు, చేతులు నరకమని రాజు వేయించిన శిక్ష, ఏట్లో మునగగానే తిరిగొచ్చిన చేతులు. కాణిపాకం గుళ్లో ఈనాటికీ నింద పడినవాళ్లు కోనేట్లో మునిగి ప్రమాణం చేస్తారు. అందుకే ఇక్కడి పిల్లలు ఇలాంటి కథ వినగానే తీర్పు చెప్పేస్తారు. పాత్ర స్వభావం రాయమంటే 'తప్పు చేశాడు గానీ మంచివాడు' అని రాసి పెన్ను మూసేస్తారు.

కొత్తగా తెలుగు పీరియడ్ తీసుకుంటున్నావు కదా తమ్ముడూ, తప్పా ఒప్పా అని అడగొద్దు. సంచి ఎవరి చేతిలో ఉందో అడుగు. ఇది మా పెద్దయ్యవారు నేర్పిన పట్టు.

ఉపవాచకం ముగిశాక తొమ్మిదో తరగతికి నేను మార్క్ ట్వేన్ 'హకల్‌బెరీ ఫిన్' చెబుతాను. నండూరి రామమోహనరావు గారు తెలుగు చేశారు. హక్‌కు పదమూడో పద్నాలుగో ఏళ్లుంటాయి. దొంగలు దాచుకున్న బంగారంలో 6,000 డాలర్లు వాడి వాటాకొచ్చాయి. ఏడాదికి నూటికి ఆరు వడ్డీ. లెక్క కట్టమంటే రోజుకు దాదాపు ఒక డాలరని పిల్లలే బోర్డు మీద తేలుస్తారు. తాగుబోతు తండ్రి వస్తున్నాడని పసిగట్టి, ఆ మొత్తాన్ని జడ్జికి ఒక్క డాలరుకు రాసిచ్చేస్తాడు. ఇక్కడ ఆగు. అంత డబ్బు ఎందుకు వదులుకున్నాడో పిల్లల్నే తేల్చుకోనీ.

అసలు పాఠం ఆ నవలలోనే, చావు జరిగిన విల్క్స్ కుటుంబం ఇంట్లో ఉంది. తండ్రి లేని అక్కచెల్లెళ్ల సొమ్ము, మళ్లీ 6,000 డాలర్ల సంచి, ఇద్దరు మోసగాళ్లు కాజేసి పరుపు కింద దాస్తారు. హక్ దాన్ని వాళ్ల దగ్గర్నించి దొంగిలిస్తాడు. చింతపిక్కలు నింపిన గుడ్డసంచి ఒకటి పట్టుకెళ్లు. బోర్డు మీద ఇంటి పటం గీయించు: మెట్లు, శవపేటిక ఉన్న గది, తాళం వేసిన వీధి తలుపు. సంచి ఒక పిల్లాడి చేతికిచ్చి, మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపిస్తోందని చెప్పు. మా క్లాసులో హక్ అయినవాడు సంచిని చొక్కాలో దోపుకున్నాడు, తీశాడు, బెంచీ కిందికి తోశాడు, మళ్లీ తీశాడు. వెనక బెంచీ నుంచి ఒకడు, "హుండీలో ఏసేయ్‌రా!" అని అరిచాడు. "ఆ దుడ్లు ఆడబిడ్డలవి గదరా, సామివా?" అని ఇంకొకమ్మాయి. నేను నోరు మెదపలేదు. పాఠం వాళ్లే నడిపారు.

పుస్తకంలో హక్ సంచిని పేటికలో, శవం చేతుల కిందికి తోస్తాడు. ఆ చేతుల చల్లదనానికి ఒళ్లు జలదరిస్తుంది. తర్వాత ఆ అక్కచెల్లెళ్లలో ఒకరైన మేరీ జేన్‌కు నోటితో చెప్పలేక, సంచి ఎక్కడుందో చీటీ రాసిస్తాడు. పిల్లల చేత ఆ చీటీ రాయించు. మీలో ఎవరైనా దొంగిలించారా అని మాత్రం ఎప్పుడూ అడక్కు. ఒకే ఊరి పిల్లలు, ఒకరి ఇల్లు ఒకరికి తెలుసు. హక్ పేరు మీదైతే ధైర్యంగా రాస్తారు. కొన్ని చీటీల్లో అమ్మ కొంగుముడి, నాన్న చొక్కా జేబు కనిపిస్తాయి. వాటి మీద ఎర్రసిరా పెట్టకు. స్టాఫ్‌రూములో బయటికి చదవకు. అక్షరదోషాలుంటే వేరే రోజు, వేరే పాఠంలో దిద్దు.