ఏ ఊరు? ఏ నెల?

ప్రయాణం చేయడంకన్న ప్రయాణానికి చోటు ఎంచుకోవడమే కష్టమని పెద్దలు అనగా విని మేము నవ్వుకొనేవాళ్లము. నిరుడు ఆ మాటలోని సత్యం మాకు అనుభవానికి వచ్చింది.

మేము నలుగురమూ ఒకే తరగతి విద్యార్థులము. మాలో ఇద్దరి ఇంటి భాష ఉర్దూ, ఇద్దరిది తెలుగు. రెండేళ్లుగా సాయంకాలాలు చిన్నపిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన సొమ్ముతో శ్రీలంకకు వెళ్లి, పలకపై నిలిచి అలలమీద జారే సర్ఫింగ్ క్రీడను నేర్చుకోవాలని సంకల్పించుకొన్నాము. చదువు ముగిసిన పిమ్మట ఎవరు ఏ దిక్కున పోతామో తెలియదు. ఇది మా తొలి విదేశయాత్ర. కలిసి చేసే కడపటి యాత్ర కూడా కావచ్చును.

వెళ్లవలసిన ఊరు దగ్గరనే పేచీ వచ్చింది. ఆ ద్వీపపు దక్షిణ తీరాన వెలిగమ వున్నది. సింహళంలో ‘వెలి’ అంటే ఇసుక, ‘గమ’ అంటే గ్రామము. పేరుకు తగినట్లే అక్కడి అఖాతం అడుగున ఇసుక పరచుకొని వుంటుంది గనుక పడినవానికి పెద్ద దెబ్బ తగలదు. కొలంబోకు దాదాపు 145 కిలోమీటర్ల దూరం. రైలు ఊరిదాకా పోతుంది. తూర్పు తీరాన, పొత్తువిల్ పట్టణం పక్కన అరుగం బే వున్నది. రైలు లేదు, రోడ్డుమీద మూడువందల కిలోమీటర్లకు పైగా పోవాలి. అయితే అక్కడి అల లోకప్రసిద్ధమైనది. భూమికొనను చుట్టివచ్చి, కుడివైపుగా విరుగుతూ బహుదూరం సాగుతుంది. పొత్తువిల్‌లో తమిళం ఇంటి భాషగా గల ముస్లిములు అధికంగా వున్నారని తెలిసి మా ఉర్దూ మిత్రులు మరింత కుతూహలపడ్డారు.

మేలో పరీక్షలు కాగానే బయలుదేరాలని అందరమూ అనుకొన్నాము. ఊరి విషయంలో మాత్రం ఇద్దరు అరుగం బే అన్నారు, ఒకరు వెలిగమ అన్నారు. నాలుగవ మిత్రుడు ఏమీ అనలేదు. అతనికి ఈత రాదు. అతని నానీది దివిసీమ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో ఆమె తోబుట్టువులిద్దరు కొట్టుకొనిపోయారు. నాటినుండి ఆ ఇంట ఎవరూ సముద్రంలో కాలు పెట్టలేదు.

అనుమతి కోసం నలుగురమూ ఆమె వద్దకు వెళ్లాము. కోపగించుకొంటారని భయపడ్డాము. ఆమె మా వాదమంతా సావధానంగా విని, “ఏ ఊరు, ఏ ఊరు అని కొట్లాడుకుంటున్నారు గానీ బేటా, ఏ నెలలో ఆ సముద్రం ఎట్లా వుంటుందో ఒక్కరైనా అడిగారా?” అన్నారు.

మేము తలలు వంచుకొన్నాము. మూడు వారాల వాదంలో ఆ ప్రశ్న మాకు తట్టనే లేదు.

తరువాత విచారించగా తెలిసినది ఇది: ఒకే ద్వీపమైనా ఆ రెండు తీరాల ఋతువులు వేరు. మే చివరినుండి సెప్టెంబరు వరకు నైరుతి గాలులు వెలిగమ వైపు వీచి సముద్రాన్ని కల్లోలపరుస్తాయి. ఆ కాలంలో అరుగం బే తేటగా వుంటుంది. అక్కడి సర్ఫింగ్ కాలం ఏప్రిల్‌నుండి అక్టోబరు వరకు. డిసెంబరు వచ్చేసరికి ఈశాన్య గాలులు తూర్పు తీరాన వర్షాలు కురిపిస్తాయి. అప్పుడు వెలిగమ శాంతిస్తుంది. అనగా మేలో వెళితే అరుగం బే, జనవరిలో వెళితే వెలిగమ. మేలో వెలిగమకు పోదామన్న మిత్రుని మాట నెగ్గి వుంటే మా గతి ఏమయ్యేదో!

మేలో వెళితే పదిహేను రోజులు వుండవచ్చును. సంక్రాంతి సెలవులలో అయితే అయిదే రోజులు. “ఒక్కని కోసం ముగ్గురమూ పది రోజులు వదులుకోవాలా?” అన్న మాట మా నోటినుండే వచ్చింది. దాచడమెందుకు? ఆ మాట విని నాలుగవవాడు, “మీరు ముగ్గురూ వెళ్లిరండి, నేను ఒడ్డున సామాను కాచుకొంటాను” అన్నాడు. ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టలేదు. తెల్లవారేసరికి వెలిగమ నిశ్చయమయింది.

ఈ సంక్రాంతికి వెళ్లివచ్చాము. కొలంబోనుండి రైలు పెరలియ మీదుగా పోయింది. 2004 డిసెంబరు 26న సునామీ అలలు ఆ దారిన పోతున్న రైలును కబళించగా వెయ్యిమందికి పైగా మరణించిన చోటు అది. కిటికీ పక్కనే నీలంగా, నిర్మలంగా సముద్రం. మాలో ఎవరమూ మాట్లాడలేదు.

అయిదు రోజులలో మేము ముగ్గురమూ పలకమీద క్షణకాలం నిలువగలిగాము. అతడు ఒక్కసారి కూడా నిలువలేకపోయాడు. కాని చివరి దినాన నడుములోతు నీటిలో మా చేతులు విడిచి ఒంటరిగా నిలబడి, వచ్చే అలకు ఎదురుగా ముఖం పెట్టాడు.

తిరిగివచ్చిన నాడు నానీ మనవని తల నిమిరి, “నీళ్లు చల్లగా వున్నాయా?” అని మాత్రం అడిగారు. అరుగం బే అల ఎట్టిదో మేము చూడలేదు. అందుకు మాకు విచారం లేదు.