బాగుచేతకు ఎంతవుతుంది?

మా హోసూరు వైపు వస్తువు చెడిపోతే దాన్ని మూడు భాషల్లో బాగుచేస్తారు. తమిళంలో 'పళుదు పార్ప్పదు' అంటారు. అంటే చెడు ఎక్కడుందో చూడడం. కన్నడంలో 'దురస్తి' అంటారు. అంటే సరిచేయడం. మనం 'బాగుచేయడం' అంటాం. మరమ్మతు, రిపేరు అనేవి తర్వాత వచ్చి ఇంట్లో స్థిరపడిపోయిన చుట్టాలు. ఈ మాటలన్నిటికీ అర్థం ఒకటేననుకుంటూ యాభై ఏళ్ళు దాటించాను. 2025లో నా సైకిలుకు దెబ్బ తగిలినప్పుడుగాని ఇవి మూడు వేరువేరు పనులని, మూడింటికీ విడివిడిగా వెల కట్టుకోవాలని తెలిసిరాలేదు.

సైకిలంటే మా నాన్నగారు తొక్కిన నల్లటి ఇనుప సైకిలు కాదు. కార్బన్ ఫ్రేముది. నాకు షుగరు వచ్చిందని తెలిసి 2021లో మావాడు తనకొచ్చిన బోనసుతో కొనిపెట్టాడు. లక్షా అరవై వేలు. ఆ డబ్బుకు మోటారు సైకిలే వచ్చేది గదా అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. బండి మొత్తం ఎనిమిదిన్నర కిలోలు. ఒంటిచేత్తో ఎత్తి మేడమీదికి తీసుకుపోవచ్చు. ఆదివారాలు తెల్లవారకముందే బయల్దేరి కెలవరపల్లి ఆనకట్ట దాకానో, ఒంట్లో ఓపికుంటే డెంకణికోట దాకానో వెళ్ళివచ్చేవాణ్ణి.

ఒక ఆదివారం టీ అంగడి గోడకు ఆనించి ఉన్న సైకిలును ఒక సరుకుల టెంపో వెనక్కి వస్తూ నొక్కింది. డ్రైవరు దిగి చూసి, "గీత పడింది, అంతే సార్" అని చెప్పి వెళ్ళిపోయాడు. నిజమే, పైకి కనిపించింది గీతే. సీటు కిందనుంచి వెనక చక్రం ఇరుసు దాకా దిగే రెండు సన్నటి గొట్టాల్లో ఎడమదాని మీద బెత్తెడు పొడవున వెంట్రుకంత గీత.

ఇనుముకు ఒక మంచి గుణముంది. దెబ్బ తగిలితే వంగుతుంది, సొట్టపడుతుంది, కిర్రుమంటుంది. వాయిదా నాలుగు రోజులు ఆలస్యంగా కట్టే బాకీదారు వంటిది, ముందే హెచ్చరిస్తుంది. కార్బన్ అట్లా కాదు. లోపల పొరలు విడిపోయినా పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. ఆఖరి రోజు వరకు ఖాతా సక్రమంగా నడిచి, మర్నాడు అంగడికి తాళం పడిన పార్టీలను నా సర్వీసులో చూశాను. అందుకే ఆ గీతను చూసి భయపడ్డాను.

సైకిలు కొన్న షాపువారు చూసి, కార్బన్ బాగుచేయరనీ, కొత్త ఫ్రేము వేయించుకోవడమే మార్గమనీ చెప్పారు. తొంభై రెండు వేలు. మావాడు చెన్నైనుంచి ఫోనులో, "అతుకేసిన దానిమీద నువ్వు దిగుడు దిగొద్దు నాన్నా, పారెయ్. నేను కొత్తది తెప్పిస్తాను" అన్నాడు. ఇచ్చినవాడే పారేయమంటున్నాడు, పుచ్చుకున్నవాడికి చేతులు రావడం లేదు. ఇది డబ్బు లెక్క కాదని ఇద్దరికీ తెలుసు. అయినా నేను కామర్సు చదివినవాణ్ణి కనుక ముందు డబ్బు లెక్కే వేశాను.

ఏడాదికి 15 శాతం చొప్పున నాలుగేళ్ళ తరుగు తీసేస్తే లక్షా అరవై వేల సైకిలు పుస్తక విలువ 83,521 రూపాయలు. కొత్త ఫ్రేము ధర దానికంటే ఎక్కువ. మోటారు బీమాలో బాగుచేసే ఖర్చు బండికి ప్రకటించిన విలువలో 75 శాతం దాటితే దాన్ని పూర్తి నష్టం కిందే లెక్కగడతారు. ఆ కొలత ప్రకారం కొత్త ఫ్రేము వేయించడమంటే నా సైకిలు చచ్చిపోయిందని ఒప్పుకోవడమే. ఇక మిగిలింది బాగుచేత.

కార్బన్ ఫ్రేములు బాగుచేసే మనిషి బెంగుళూరులో ఉన్నాడని తెలిసి తీసుకుపోయాను. చిన్న షెడ్డు, ముప్పై అయిదేళ్ళ మనిషి, ముక్కుకు మాస్కు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదట. నా చేతిలోని గీతల కాగితమూ లెక్కలూ చూడకుండా జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి గొట్టం పొడవునా తట్టుకుంటూ పోయాడు. టింగుటింగుమంటున్న గొట్టం ఒకచోట దబ్బుమంది. వెనకటి షరాబులు వెండి రూపాయిని మోగించి మంచిదో కాదో చెప్పేవారు. ఇక్కడ రూపాయి పెట్టి సైకిలును మోగించాడు. "చప్పుడొక్కటే చాలదు సార్, రంగు గీకి చూడాల" అని గీకాడు. బయట బెత్తెడున్న పగులు లోపల జానెడుంది. పళుదు పార్ప్పదు అంటే ఇదీ అనుకున్నాను.

ఆయన మాట తీరును బట్టి తెలుగువారేనా అని అడిగాను. దొడ్డబళ్ళాపురమట. తాతగారింట్లో మగ్గం ఉండేదట. బళ్ళో తెలుగు చదవలేదు గాని ఇంట్లో అదే మాట. "ఇది గాజూ కాదు, ప్లాస్టికూ కాదు సార్. బంక పెట్టి గట్టిచేసిన బట్ట" అన్నాడు. ఒక్కో పోగు తలవెంట్రుకలో ఇంచుమించు పదో వంతు మందం. లోపలి పొరల్లో అంతా పడుగే, పేక ఉండదు. ఒక పొర పోగులు నిలువుగా, ఇంకో పొరవి ఏటవాలుగా వేస్తారు. పైపొర మాత్రం పడుగూ పేకా కలిపి నేసిన గుడ్డ. మా నాన్నతరం తర్వాత ఆ మాటలు నేను వినలేదు. మగ్గం పోయాక కూడా అవి ఒక షెడ్డులో కూలికి పనికొస్తున్నాయి.

పని ఇలా సాగుతుంది. చెడిన పొరల్ని మెట్లు మెట్లుగా అరగదీస్తారు. ఏ పొర పోగులు ఏ దిక్కుకున్నాయో అదే దిక్కుకు కొత్త పొరలు ఎపాక్సీ బంకలో తడిపి, ఒకదానికంటె ఒకటి కాస్త పెద్దదిగా పరుస్తారు. గాలి బుడగ మిగలకుండా టేపుతో బిగించి చుట్టి వేడిమిలో ఆరబెడతారు. తర్వాత నునుపు చేస్తారు. వాడిన గుడ్డ రెండు అరచేతులంత. కూలి అంతా చేతిదీ, చూపుదీ. హేండిలు బారు, ముందు ఫోర్కు కాడ మాత్రం ఎవరు తెచ్చినా ముట్టనన్నాడు. అవి విరిగితే మనిషి మొహం మీద పడతాడు గనక కొత్తవే వేసుకోవాలట. కాదనడం తెలిసిన మనిషి మీద నాకు గురి కుదిరింది.

రంగు వేయాలా అని అడిగితే వద్దన్నాను. రంగు లోపాన్ని కప్పేస్తుంది. ఉత్త వార్నిష్ వేస్తే కొత్త పగులు వస్తే కంటికి ఆనుతుంది. బాలెన్సు షీటు కింద నోట్సు రాసేది అందుకే గదా!

బాగుచేతకు 9,000, వార్నిష్‌కు 1,500, భాగాలు విప్పి బిగించినందుకు 2,000, రాకపోకలకు 1,600. మొత్తం 14,100 రూపాయలు, పుస్తక విలువలో ఇంచుమించు ఆరో వంతు. పన్నెండు రోజులు పట్టింది.

మావాడికి ఈ లెక్క పంపితే, "డబ్బు సరే, నమ్మకం సంగతేమిటి?" అన్నాడు. విమానాల సంగతి చెప్పాను. 2001 జనవరి 4న బెంగుళూరులో మొదటిసారి ఎగిరిన తేజస్ బరువులో దాదాపు 45 శాతం ఇటువంటి పొరల గుడ్డే. 2013 జూలైలో లండన్ హీత్రోలో నిలిపి ఉన్న ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 787 వెనకవైపు పైభాగం కాలిపోతే, బాగుచేయగా మళ్ళీ ఎగిరింది. "వాళ్ళకు ఇంజనీర్లున్నారు, నీకు రూపాయి బిళ్ళ ఉంది" అన్నాడు వాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

అందుచేత ఒక ఒప్పందానికి వచ్చాం. మా బ్యాంకుల్లో పునర్వ్యవస్థీకరించిన ఖాతాను వెంటనే మంచి ఖాతాల్లో కలపరు. కొంతకాలం నడక చూస్తారు. ఈ సైకిలుకూ ఏడాది గడువు పెట్టాం. చదును రోడ్డు మీదే తొక్కాలి. వారానికొకసారి బిళ్ళతో తట్టి, ఆ చప్పుడు వాడికి ఫోనులో వినిపించాలి. డెంకణికోట దిగుడు ఆ తర్వాతే.

మావాడు తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. ఈ వ్యాసం అచ్చయితే నేనే చదివి వినిపించాలి. పడుగూ పేకా అంటే ఏమిటని తప్పక అడుగుతాడు. చెప్పడానికి ఇప్పుడు నా దగ్గర ఒక ఉదాహరణ ఉంది, దానికైన ఖర్చు మాత్రం ఏ పద్దులోనూ రాయలేదు.